అరటిచెట్టు కాండం ఎక్కడుంది?

తెనాలి, రేపల్లె ప్రాంతపు లంక గ్రామాల్లో అరటి తోటలు మీరు చూసే ఉంటారు. లేత అరటిచెట్టును నేలకు జానెడు ఎత్తున కోసి, మరునాడు పరిశీలించండి (తోట గలవారిని అడిగి సుమా!). కోత మధ్య నుంచి చుట్ట చుట్టుకొన్న ఆకు పైకి లేస్తుంది. కొన్నాళ్లకు చెట్టు మళ్లీ ఎదుగుతుంది. గెల వేసిన చెట్టును అలాగే కోస్తే మాత్రం ఎన్నాళ్లు చూసినా చిగురు రాదు. ఎందుకీ తేడా?

మనం కాండమనుకొనేది ఆకుల అడుగుభాగాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన పట్టల కట్ట. అసలు కాండం నేలలోని దుంప. దాని కొనన ఒక చిన్న బుడిపె ఉంటుంది. అందులో ఏ ప్రత్యేకమైన పనీ చేపట్టని కణాలుంటాయి. వీటినే మూలకణాలు అంటారు. ఇవి విభజన చెందుతూ కొన్నింటిని తమలాగే మిగుల్చుకొంటాయి. తక్కినవి తలా ఒక పనికి సిద్ధమవుతాయి. కొన్ని ఆకుపై పొర అవుతాయి. కొన్ని పత్రహరితం నింపుకొంటాయి. నీటిని మోయవలసినవైతే గోడలు గట్టిపరచుకొని, లోపలి జీవపదార్థం పోయి, ఖాళీ గొట్టాలవుతాయి. అంటే చచ్చిపోయాకే వాటి ఉద్యోగం మొదలు!

అన్నింటిలోనూ ఉన్నవి అవే జన్యువులు. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించేది కణం ఉన్న చోటు, దానికి అందే హార్మోన్లు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రజ్ఞులు పొగాకు కాండం లోపలి మెత్తని భాగాన్ని గాజుపాత్రల్లో పెంచారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వచ్చాయి. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే మొలకలు వచ్చాయి. రెండూ సమంగా ఉంటే ఆకారం లేని ముద్ద పెరిగింది. మన ఎముక మజ్జలోనూ మూలకణాలున్నాయి. వాటి నుంచి పుట్టే ఎర్ర రక్తకణం కేంద్రకాన్నే వదులుకొని దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది మళ్లీ మూలకణం కాలేదు.

ఇక అరటి సంగతి. తగినన్ని ఆకులు వేశాక ఆ బుడిపె ఆకులు పుట్టించడం మాని పూగుత్తిగా మారుతుంది. గెల మనకు కనిపించడానికి చాలా ముందే ఈ మార్పు జరిగిపోతుంది. పట్టల మధ్య నుంచి పూగుత్తిని పైకి మోసుకుపోయే కాడే మనం కూర వండుకొనే దూట. ఇక ఆ చెట్టులో ఆకులు వేసే మొగ్గ లేదు. గాలివానకు పడిపోతే రైతుకు దిక్కు పక్కనున్న పిలకలే. ప్రతి పిలకకూ తన సొంత బుడిపె ఉంటుంది.

వరిలోనూ ఇదే కథ. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నం మీలో చాలామంది తినే ఉంటారు. పైరు లేతగా ఉన్నప్పుడు కాండం తొలుచు పురుగు మొవ్వును చంపితే, పక్క పిలకలు కొంత నష్టాన్ని పూడుస్తాయి. వెన్ను తయారయ్యాక తొలిస్తే తెల్లకంకులే మిగులుతాయి.

అరటి మొగ్గ కొనను సైటోకైనిన్‌తో పెంచి, ఒక్కదాని నుంచి వందల మొక్కలు తీసి, ఆక్సిన్‌తో వేళ్లు పుట్టించేదే టిష్యూకల్చర్. అయితే ల్యాబు మొక్క అనగానే తెగులు లేనిదని నమ్మరాదు. తల్లిచెట్టుకు వెర్రితల వైరస్ ఉందేమో ముందే పరీక్షించకపోతే, ఆ వందల పిల్లలకూ అదే అంటుకొని వస్తుంది.