పాత ఆటలో కొత్త ఊహ

ఒక వీడియో గేమ్ అందరికీ నచ్చిందనుకోండి. దాని తరువాతి భాగంలో కంపెనీ కొత్త ఊహలు చేర్చాలా, ఉన్నదాన్నే మెరుగుపరిస్తే చాలా? "మార్చవద్దు, మాకు అదే ఇష్టం" అంటారు కొందరు. "మళ్ళీ అదేనా?" అని విసుక్కుంటారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒక ఉదాహరణ చూద్దాం.

జపాన్‌లోని నింటెండో కంపెనీ 1986లో 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా' అనే ఆటను తెచ్చింది. లింక్ అనే కుర్రవాడు హైరూల్ రాజ్యమంతా తిరిగి, గానన్ అనే దుష్టుణ్ణి ఓడించి, రాకుమారి జెల్డాను కాపాడాలి. అందులో చాలావరకు మనకు నచ్చిన దిక్కుకు వెళ్ళవచ్చు. తరువాతి ఆటలలో ఒక వరుస స్థిరపడింది. ఒక గుహలోకి వెళ్ళాలి, అక్కడ ఒక పరికరం సంపాదించాలి, దానితో అక్కడి శత్రువును గెలవాలి, ఆపై మరో గుహ. ఏళ్ళు గడిచేసరికి ఆ వరుసే జెల్డా అనిపించసాగింది.

ఇలాంటి అలవాట్లను మళ్ళీ మొదటినుంచి ఆలోచిస్తామని 2013లో నిర్మాత ఎయిజీ అవోనుమా ప్రకటించారు. 2017లో 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' వచ్చింది. అందులో దాదాపు ఏ కొండనైనా ఎక్కవచ్చు. వాన పడితే కాలు జారుతుంది. పిడుగులు పడే వేళ ఇనుప కత్తి పట్టుకుంటే ప్రమాదమే. తొలి ప్రాంతం దాటాక నేరుగా గానన్ మీదికే వెళ్ళవచ్చు. గుహల వరుస పోయింది. లింక్, హైరూల్, వెతికి కనుగొనే ఆనందం మిగిలాయి. నిజానికి 1986 నాటి స్వేచ్ఛే తిరిగి వచ్చింది. తయారీదారులు తమ ఊహను ముందు పాత ఆటలా కనిపించే చిన్న నమూనాలో పరీక్షించి చూసుకున్నారు. ఆ ఆట 3 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది.

అయితే అన్ని మార్పులూ అందరికీ నచ్చలేదు. కొన్ని దెబ్బలకే ఆయుధాలు విరిగిపోవడం చాలామందికి చిరాకు తెప్పించింది. పెద్ద పెద్ద గుహలను ఇష్టపడినవారు వాటికోసం బెంగపడ్డారు.

కాబట్టి కొత్త ఊహలు చేర్చాలి, కానీ చేర్చేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆటగాళ్ళు దేనికోసం మళ్ళీ మళ్ళీ వస్తున్నారు? అది వేరు. మిగిలినది అలవాటు. అలవాటును మార్చవచ్చు, వేరును నరకకూడదు. మార్పు నచ్చనివారికి పాత ఆటలు దొరికేలా చూడటం కూడా కంపెనీ బాధ్యతే.

బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనకు ఇది కొత్త కాదు. క్వార్టర్ మారుతుంది, స్నేహితులు మారతారు, వీధిలో వినిపించే భాష మారుతుంది. పాఠ్యపుస్తకాలు మాత్రం అవే. ఇంట్లో మాట్లాడే తెలుగు మనతోనే వస్తుంది, మనం వదిలేయకుంటే.

ఆలోచించి రాయండి:
1. మీకు నచ్చిన ఒక ఆటలో వేరు ఏది? అలవాటు ఏది?
2. పోయిన బదిలీలో మీరు విడిచిపెట్టినది ఏది? నిలుపుకున్నది ఏది? ఐదు వాక్యాలలో రాయండి.