కాంబోడియా పోయే బిడ్డకు

కడప



నీ జాబు అందింది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి స్నేహితురాళ్లతో కాంబోడియా పోతానని రాస్తివి. పో తల్లీ, వద్దనను. కానీ ఏప్రిల్ ఏందమ్మా? అక్కడా అది మండే నెలే. ఎండలో నీకు ఊరికే తలనొప్పి వస్తుంది, నాకు తెలియదా?

నవంబరులో పో. వానలు వెనకబట్టి చెరువులు నిండుగా ఉంటాయి. ఆ దేశంలో టోన్లే సాప్ అని పెద్ద సరస్సుంది. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సు నుంచి వచ్చే ఏటిని వెనక్కి తోస్తుంది. ఎండాకాలం 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు మంచి వానలైన ఏట 15,000 దాకా పరుచుకుంటుంది. వానలు పోయినాక ఏరు మళ్లా కిందికి తిరుగుతుంది. మన కార్తీక పున్నమి నాళ్లలోనే ఫ్నామ్ పెన్‌లో పడవ పందేలతో నీళ్ల పండగ చేస్తారు. నీళ్లకు పండగ చేసే ఊరిని మన సీమబిడ్డ చూడకుండా ఎట్లా?

అంగ్‌కోర్ వాట్ ఎట్లాగూ చూస్తావు. గుడొక్కటే చూసి తిరిగొస్తే మాత్రం నేనొప్పుకోను. దగ్గర్లోనే పశ్చిమ బరాయ్ అనే చెరువుంది, పదకొండో శతాబ్దం నాటిది. పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పు రెండు పైన. ఇప్పటికీ నీళ్లుంటాయి.

నా చిన్నప్పుడు మా అబ్బ నన్ను మన పోరుమామిళ్ల చెరువుకు పిలుచుకొనిపోయి కట్ట పొడుగునా నడిపించినాడు. కాళ్లు కాలుతున్నాయంటే, తూము చూపించి, మరవ చూపించి, భైరవుడి గుడి దగ్గర శాసనం ముందర నిలబెట్టినాడు. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. దినానికి వెయ్యిమంది కూలీలు, రాయి తోలను నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాతిలో చెక్కించినారు. ఆ మధ్యాహ్నం నుంచే నాకు చెరువుల పిచ్చి పట్టింది.

మనవాళ్లు కొండల నడుమ కట్ట వేసి నీళ్లు నిలిపినారు. అక్కడివాళ్లు చదును నేలమీద నాలుగు పక్కలా కట్టలు పోసినారు. అక్కడే ఉన్న తూర్పు బరాయ్ అనే చెరువు మాత్రం ఎండిపోయి పొలాలైంది. అదీ చూడు. పూడిపోయి కంపచెట్లు మొలిచిన మన చెరువులు మనసులో మెదులుతాయి.

పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుందేమో చూసుకో. డాలర్లు కొత్త నోట్లే తీసుకో, చినిగినవి అక్కడ తీసుకోరు. మారుమూల గుళ్లకు పోతే బాట వదిలి అడుగు పెట్టొద్దు, యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా అన్నీ తీయలేదు. ఇది మాత్రం నా తలమీద చెయ్యి పెట్టి ఒప్పుకో తల్లీ. మోటారుసైకిలు వెనక కూర్చుంటే హెల్మెట్ పెట్టుకో. మీ అమ్మ రాత్రులు నిద్రపోదు, దినామూ ఫోన్ చెయ్యి.

టికెట్ మార్చుకొని తేదీ రాయి. ఖర్చు ఎక్కువైతే మొహమాటం లేకుండా అడుగు, నేను పంపిస్తా. పశ్చిమ బరాయ్ కట్టకు లోపలి వైపు రాతి పేర్పు ఉందో, ఉత్త మట్టేనో దగ్గరికిపోయి చూసి చెప్పు.

నీ పెద్దనాయన