పాలలో పిండి కల్తీని కనిపెట్టు అయోడిను పరీక్ష

పాలలో నీళ్లు కలిపి, ఆ పలుచదనము తెలియకుండుటకై బియ్యపు పిండినో గంజినో చేర్చువారు కలరు. ఈ కల్తీ కంటికి తెలియదు. పెండ్లికిగాని పసిబిడ్డలకుగాని పాలు కొను రైతు, గాయములకు పూయు టింక్చరు అయోడినుతో దీనిని ఇంటనే కనిపెట్టవచ్చును.

అయోడిను 1811వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో సముద్రపు పాచి బూడిదనుండి కనుగొనబడెను. ఇది పిండిని నీలవర్ణముగా మార్చునని 1814లో ఆ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇందుకు కారణమేమన: పిండిపదార్థము గ్లూకోజు అను చక్కెర యొక్క అణువులు గొలుసుగా కూడుటచే నేర్పడును. అందు రెండు తెగలు కలవు. అమైలోజు అను తెగలోని గొలుసు మెలికలు తిరిగి, లోపల బోలుగా నుండును. ఒక్కొక్క చుట్టునందు సుమారు 6 గ్లూకోజు భాగము లుండును. అయోడిను ఆ బోలులో వరుసగా చేరి, వెలుతురులోని ఎరుపు, నారింజ చాయలను మ్రింగును. అందుచే మిగిలిన నీలము మనకు కనబడును. అమైలోపెక్టిను అను రెండవ తెగ కొమ్మలు కొమ్మలుగా చీలియుండుటచే పొడుగు చుట్టలు తక్కువ. దాని రంగు ఎర్రని ఊదాగా నుండును. పాలలో సహజముగా నుండు చక్కెరకు ఇట్టి గొలుసు లేదు గనుక, మంచి పాలకు నీలము రాదు.

పరీక్షచేయు విధము: గంజి అంటని శుభ్రమైన గిన్నెలో చెంచెడు పాలు, రెండు చెంచాల నీరు పోసి కాచవలెను. కాచుటచే పిండి రేణువులు విచ్చుకొని అమైలోజు వెలువడును. పిమ్మట పూర్తిగా చల్లార్చి, రెండు మూడు చుక్కల అయోడిను వేయవలెను. నీలము పుట్టినచో పిండి కలిసినట్లే.

చల్లార్చుట ముఖ్యము. వేడికి మెలికలు సడలి అయోడిను విడిపోవుటచే రంగు మాయమగును. కావున వేడిపాలను పరీక్షించినవాడు కల్తీపాలను మంచివని భ్రమపడును.

నీలము రానంతమాత్రమున నీళ్లు కలియలేదని తలపరాదు. ఈ పరీక్ష పిండిని మాత్రమే తెలుపును. పసుపు, గోధుమ, ధాన్యములందు పిండి సహజముగనే యుండును గనుక, వానిలో నీలము చూచి వర్తకునిపై నింద మోపరాదు. పాల విషయమునను, నీలము కనబడినచో గిన్నెను మరల కడిగి, అమ్మినవాని యెదుటనే రెండవమారు పరీక్షించుట న్యాయము.

పరీక్షించిన పాలను పారబోయవలెను. మనుష్యులకుగాని పశువులకుగాని త్రాగింపరాదు. అయోడిను సీసాను పిల్లల కందకుండ నుంచవలెను.