బ్రెజిల్ నట్ చెట్టు – బంధువులు, బాధలు

శివాలయాల్లో నాగలింగం పువ్వును చూడనివారు మనలో అరుదు. పడగల నీడన లింగం ఉన్నట్టు కనిపించే ఆ పువ్వు, దాని చెట్టుతో సహా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందంటే మా హాస్టల్ మిత్రులు ఒక పట్టాన నమ్మలేదు. ఆ లెసిథిడేసీ కుటుంబానికే చెందిన మహావృక్షం బ్రెజిల్ నట్ చెట్టు. 50 మీటర్ల దాకా పెరుగుతుంది. దాని పుట్టిల్లు అమెజాన్ అడవి.

పేరుకు నట్ గాని, వృక్షశాస్త్రం లెక్కన మనం తినేది గింజ. అసలు కాయ చిన్న కొబ్బరికాయంత ఉండి, రెండు కిలోల దాకా తూగుతుంది. పూసింది మొదలు పండి రాలేసరికి ఇంచుమించు 14 నెలలు పడుతుంది. లోపల నారింజ తొనల్లా 10 నుంచి 25 గింజలు ఒదిగి ఉంటాయి. వానాకాలంలో ఏరడానికి వెళ్ళేవాళ్ళకు ప్రాణభయమే మరి! అంత ఎత్తునుంచి కాయ నెత్తిన పడితే ఇక చెప్పేదేముంది?

ఇక పువ్వు సంగతి. నాగలింగంలో పడగకూ లింగానికీ మధ్య సందు ఉంటుంది. ఇందులో పడగ బిగుసుకొని మూతలా కూర్చుంటుంది. దాన్ని ఎత్తి లోపలికి దూరే సత్తువ గండుతుమ్మెదల వంటి పెద్ద ఈగలకే ఉన్నది. బ్రెజిల్ చట్టం ఈ చెట్టును నరకరాదంటుంది. అందుకని చుట్టూ అడవిని కొట్టి పశువుల బీడు చేసి, దీన్ని మాత్రం ఒంటరిగా వదిలేస్తారు. తుమ్మెదల రాక తగ్గితే కాపు ఎక్కడిది? చెట్టు బతికే ఉంటుంది, వంశం నిలవదు. ఇదేం రక్షణో నాకు బోధపడదు.

కాయకు చిన్న కన్నం ఉన్నా గింజ అందులోంచి బయటికి రాదు. అగౌటి అనే కుందేలంత ఎలుకజాతి జంతువు దాన్ని కొరికి తెరుస్తుంది. తినగా మిగిలినవి మట్టిలో పాతిపెట్టి, కొన్నింటిని మరిచిపోతుంది. ఆ మరుపులోంచే కొత్త మొక్కలు లేస్తాయి.

మరి మనుషులే గింజలన్నీ ఏరేస్తే? 2003లో శాస్త్రజ్ఞులు అమెజాన్‌లో 23 చోట్ల పరిశీలించి, ఏళ్ళ తరబడి గట్టిగా ఏరిన చోట్ల లేతచెట్లు దాదాపు కనబడలేదని ప్రకటించారు. అలాగని ఏరడం మానమనడం తేలికేనా? అడవి నిలిస్తేనే వాళ్ళకు కూడు. ఆక్రి రాష్ట్రంలో రబ్బరు పాలు తీసే కూలీలు వానల్లో ఈ గింజలే ఏరుకుంటారు. వాళ్ళ నాయకుడు చీకో మెండెస్ అడవి కోసం పోరాడి 1988 డిసెంబరులో హత్యకు గురయ్యాడు.

తరువాతి పరిశోధనల్లో ఒక విశేషం బయటపడింది. మన ఏజెన్సీలోని పోడు వంటి సేద్యం చేసి వదిలేసిన చెలకల్లో ఈ మొక్కలు దట్టంగా లేస్తున్నాయట! అగౌటి గింజలను అక్కడికి మోసుకొస్తుంది, ఎండ బాగా తగులుతుంది, నరికినా మోడునుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. తిరిగి పోడు కొట్టేటప్పుడు రైతు ఆ మొక్కలను గుర్తుపట్టి వదిలితే చాలు.