పాత నగల మీది ముద్రలు: ఎవరు కొట్టారో చూడాలి

బంగారు రుణాల కౌంటర్లో కూర్చునే వారికి 916 అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడటం కూడా మనకు అలవాటైపోయింది. చిక్కు వచ్చేది పాత వస్తువులతోనే. బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళో అది మరీ ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువారు ఉన్నారు. బెంగాలీ కుటుంబాలు ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఛత్తీస్‌గఢీ రైతులు సరేసరి. ఒక్కో ఇంటి బీరువాలో ఒక్కో రకం పాత నగ, ఒక్కో రకం వెండి సామాను. కొన్నిటి మీద సింహం బొమ్మ, కొన్నిటి మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. చాలావాటి మీద ఏమీ ఉండదు.

2025 జూన్ 6న రిజర్వు బ్యాంకు బంగారం, వెండి తాకట్టు రుణాల మీద కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయాలని గడువు పెట్టింది. వెండి నగలు కూడా వీటి పరిధిలోకి వచ్చాయి. బంగారంలో మనకున్న అనుభవం వెండిలో చాలామందికి లేదు. ఈ వ్యాసం అందుకే.

ముద్రను నేను సాక్షి చెప్పిన మాటగా చూస్తాను. సాక్షి ఎవరో తెలియకుండా ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేలదు. వస్తువు చేసినవాడే తన పేరు కొట్టుకున్నాడా, అతనితో సంబంధం లేని పరీక్షా కేంద్రం కొట్టిందా, లేక సర్కారు టంకశాల కొట్టిందా? ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

పరీక్షా కేంద్రం కొట్టిన ముద్రలకు పాతవాటిలో మంచి ఉదాహరణ ఇంగ్లాండువి. లండన్‌లో 1300లోనే మొదటి ఎడ్వర్డ్ చట్టంతో చిరుత తల ముద్ర వచ్చింది. 1363లో పనివాడి సొంత గుర్తును తప్పనిసరి చేశారు. 1478 నుంచి వస్తువును గోల్డ్‌స్మిత్స్ హాలుకే తెచ్చి పరీక్ష చేయించుకోవాలన్నారు. హాల్‌మార్క్ అన్న మాట ఆ హాలు నుంచి పుట్టిందే. ఏడాదికో అక్షరం కొట్టే పద్ధతీ అప్పుడే మొదలైంది. నడుస్తున్న సింహం 1544లో వచ్చింది. దాన్ని స్టెర్లింగ్ వెండికి, అంటే వెయ్యికి 925 పాళ్ళ వెండికి గుర్తుగా చదువుకోవచ్చు. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, కోట ఉంటే ఎడిన్‌బరో. కిరీటం ఉంటే షెఫీల్డ్, అయితే 1975 నుంచి ఆ ఊరి గుర్తు గులాబీగా మారింది. రాజుదో రాణిదో తల పక్కకు తిరిగి కనబడితే అది పన్ను కట్టిన గుర్తు. 1784 నుంచి 1890 వరకు వేశారు. బంగారంలో 15తో పాటు .625 అని ఉంటే ఆ వస్తువు 1854కూ 1932కూ మధ్యది. 15 క్యారెట్లను అక్కడ 1854లో అనుమతించి 1932లో తీసేశారు.

మన దేశంలో కథ వేరు. బ్రిటిష్ పాలనలో ఇక్కడ అలాంటి పరీక్షా కేంద్రాలు లేవు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్, కుక్ అండ్ కెల్వీ లాంటి పెద్ద దుకాణాలు తమ పేరో పొడి అక్షరాలో తామే కొట్టుకునేవి. హామిల్టన్ వెండి మీద ఏనుగు బొమ్మ కూడా కనబడుతుంది. భుజ్‌లో కచ్ఛ్ దర్బారు కోసం పనిచేసిన ఉమర్సీ మావ్జీ తన పేరు మొదటి అక్షరాలు ‘ఓ.ఎం.’ కొట్టేవాడు. సేకరించేవాళ్ళు ఈ పేర్లు చూసి ఎగబడతారు. కానీ అది తయారీదారు తన గురించి తాను చెప్పుకున్న మాట. పేరున్న దుకాణమైతే నమ్మకం పెరుగుతుంది, అంతవరకే. గీటురాయి పరీక్ష మాత్రం మానకూడదు.

ఇక మన దగ్గర అందరికన్నా ఎక్కువ మోసం చేసే ముద్ర ఈపీఎన్ఎస్. నాలుగు అక్షరాలు, ఒక్కోటి ఒక్కో చిన్న డాలు బొమ్మలో, చూడ్డానికి అచ్చం ఇంగ్లీషు హాల్‌మార్క్ వరసే. అది నికెల్ సిల్వర్ మీద వెండి పూత అని చెప్పే గుర్తు. నికెల్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింకు ఉంటాయి. పేరులో తప్ప లోపల వెండి లేదు. మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్ అని పిలిచేది దీన్నే. 1840లో ఎల్కింగ్టన్ ఈ కరెంటు పూతకు పేటెంటు తీసుకున్నాక చెంచాలు, ట్రేలు, టీ సెట్లు కుప్పలుగా వచ్చాయి. రైల్వే ఊళ్ళో పాత దొరల బంగళాల నుంచి వచ్చిన సామాను అని ఎవరైనా చూపిస్తే, మొదట భూతద్దంతో అడుగు భాగంలో ఈ నాలుగు అక్షరాలు వెతకండి. చెంచా మడమ దగ్గర, ట్రే అంచుల దగ్గర పూత అరిగి లోపలి రంగు బయటపడుతుంది. ‘తాతగారి నాటి వెండి’ అని మూడు తరాలు నమ్మిన వాళ్ళకు ఆ మాట చెప్పడం కష్టమే. అక్షరాలు వాళ్ళకే చూపించి, వాళ్ళచేతే చదివిస్తే గొడవ ఉండదు.

తాతగారి జేబు గడియారాలూ ఇలాగే వస్తుంటాయి. గడియారం నగ కాదు కాబట్టి తాకట్టుకు పనికిరాదు, అయినా అడుగుతారు. మూత లోపల చిన్న పక్షి, అంటే గ్రౌస్, ఉంటే స్విట్జర్లాండు 800 వెండి, ఎలుగుబంటి ఉంటే 875. ఈ గుర్తులు అక్కడ 1880 నుంచి ఉన్నాయి. ఏదీ లేకపోతే ఆ కేసు నికెల్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ.

అసలు ఛత్తీస్‌గఢ్‌లో మనం బాగా నేర్చుకోవాల్సింది నాణేల గురించి. ఇక్కడి పల్లె ఆడవాళ్ళు వేసుకునే ‘రుపయా మాల’ అంటే పాత వెండి రూపాయలకు కొక్కేలు అతికి గుచ్చిన దండ. దాని మీద హాల్‌మార్క్ వెతకడం అనవసరం. ప్రతి నాణెం మీదా టంకశాల ముద్ర, సంవత్సరం ఉన్నాయి, అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.67 శాతం వెండి. యుద్ధకాలంలో 1940 నుంచి అదే బరువు ఉంచి వెండిని సగానికి, 50 శాతానికి తగ్గించారు. అంచున గాడి పెట్టింది కూడా ఆ నాణేలకే. 1947 రూపాయి అయితే శుద్ధ నికెల్. దాని మీద పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది.

లెక్క వేసి చూడండి. 30 రూపాయల దండ, కొక్కేలు తీసేస్తే దాదాపు 350 గ్రాములు. అన్నీ విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి నాణేలైతే శుద్ధ వెండి దాదాపు 320 గ్రాములు. అన్నీ 1940 తర్వాతి ఆరో జార్జివైతే 175 గ్రాములు. రెండు దండలూ కాటాలో ఒకే బరువు తూగుతాయి. నాణెం నాణెం తిప్పి సంవత్సరం చదవకుండా, ఒక్క నాణెం గీసి దండంతటికీ అదే శాతం కడితే, బ్యాంకో ఖాతాదారో ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. పైగా ఇలాంటి దండలు ఒక్కసారిగా చేసినవి కావు. అత్తగారి నాటి నాణేలకు కోడలి నాటివి కలుస్తూ పోతాయి. మన తెలంగాణ వైపు నుంచి వచ్చిన దండల్లో నిజాం చార్మినార్ రూపాయలూ కనబడతాయి. చివరి నిజాం కాలపు చివరి సంవత్సరాలకు ముందు వాటిలో వెండి 81.8 శాతం, బరువు 11.18 గ్రాములు. వాటిని బ్రిటిష్ రూపాయి లెక్కన కట్టకూడదు.

తెలుగు ఇళ్ళ కాసులపేరుకూ ఇదే సూత్రం. రైల్వే పెన్షనరు భార్య ఒకావిడ తన అత్తగారి కాసులపేరు తెచ్చి, “బాబూ, ఇవన్నీ అసలు రాణీ కాసులే, తక్కువ కట్టకు” అన్నారు. “మామ్మగారూ, మీ ఎదురుగానే ఒక్కోటీ చూద్దాం” అని మా అప్రైజరు మొదలుపెట్టాడు. సవరను బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, వెనక గుర్రం మీద డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జి. ఆయన గుర్రం కాళ్ళ కింద, తేదీకి పైన చిన్న అక్షరం ఉంటే అది టంకశాల గుర్తు: ఎస్ సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్. ‘ఐ’ ఉంటే బొంబాయి. రాయల్ మింట్ శాఖ 1918 ఒక్క ఏడాదే అక్కడ సవరన్లు కొట్టింది. మామ్మగారి పేరులో కొన్ని అసలు సవరన్లు. మిగతావి కంసాలి అచ్చులో కొట్టిన పల్చటి నకళ్ళు, వాటి మీద తేదీ అలికేసినట్టు ఉంది. నకలు అన్నంత మాత్రాన అది కల్తీ కాదు. వాటిలోనూ మంచి బంగారమే ఉండొచ్చు, కాకపోతే ఆ సంగతి గీటురాయి చెప్పాలి, బొమ్మ చెప్పదు.

మన దేశపు సొంత హాల్‌మార్క్ వయసు చిన్నదే. బంగారానికి 2000లో, వెండికి 2005లో మొదలైంది. మొదట్లో బీఐఎస్ గుర్తు, 916 లాంటి అంకె, పరీక్షా కేంద్రం గుర్తు, సంవత్సరాక్షరం, నగల వర్తకుడి గుర్తు అని ఐదు ఉండేవి. అక్షరాల్లో ఏ అంటే 2000, బి అంటే 2001, జె అంటే 2008. 2017 జనవరి నుంచి సంవత్సరాక్షరం పోయి, అంకె 22కె916 రూపంలోకి మారింది. 2021 జూలై నుంచి బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత, హెచ్‌యూఐడీ అని మూడే. కనుక హెచ్‌యూఐడీ లేదని 2010 నాటి నగను అనుమానించకండి. అలాగే సంవత్సరాక్షరమూ హెచ్‌యూఐడీ రెండూ ఒకే గాజు మీద ఉంటే ఒకసారి ఆగి ఎందుకో అడగండి. హాల్‌మార్క్ తప్పనిసరి అన్నది అమ్మే వర్తకుడికి వర్తిస్తుంది, ఇంట్లో ఉన్న పాత నగకు కాదు. కేడీఎం అన్న ముద్ర అసలు స్వచ్ఛత గుర్తే కాదు. అది కాడ్మియంతో అతికారని మాత్రమే చెబుతుంది.

ఏ గుర్తూ లేని నగకు పెళ్ళి సంవత్సరం కూడా ఒక ఆధారం. 1963 జనవరిలో వచ్చిన గోల్డ్ కంట్రోల్ నిబంధనలు 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నాయి. 1966లో ఆ నిబంధన ఎత్తేశారు. ఆ మూడేళ్ళలో చేయించిన నగ అంటే గీటు జాగ్రత్తగా చూడాలి. దొంగచాటుగా 22లోనే చేసిన కంసాలులూ లేకపోలేదు కాబట్టి ముందే తక్కువ అని తీర్మానించుకోవడమూ తప్పే. ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం ఉన్న శాఖల వాళ్ళు కూడా అది పైపొరనే చదువుతుందని గుర్తుంచుకోవాలి. పాత గుండ్లలో, కంటెల్లో లక్క నింపి ఉంటుంది. నికర బరువు ఆ లక్క తీసేసిన లెక్కే.

ఇంత చదివాక ఎవరికైనా వచ్చే ప్రశ్న: పి. ఓర్ గిన్నె అని తెలిస్తే రుణం పెంచుతామా? పెంచం. ఆదేశాల ప్రకారం లోహం విలువే లెక్క. రాళ్ళు, పనితనం, పాతదనం లెక్కలోకి రావు. రుణం పెరగకపోయినా ఆ ముద్ర రెండు చోట్ల అక్కరకొస్తుంది. అది చూసిన అధికారి, ‘దీనికి బజార్లో లోహం కన్నా ఎక్కువ ధర ఉండొచ్చు, తాకట్టు పెట్టే ముందు ఇంట్లో ఒకసారి ఆలోచించుకోండి’ అని ఖాతాదారుకు చెప్పగలడు. రెండోది ధ్రువపత్రం. స్వచ్ఛత, స్థూల బరువు, నికర బరువు, తరుగు, దెబ్బలు రాసి మనం ఖాతాదారుకు ఇస్తున్నాం. ‘పాత వెండి గిన్నె – 1’ అని రాస్తే, రేపు విడిపించుకోవడానికి వారసులు ఇద్దరు వచ్చి ఇది మాది కాదంటే మన దగ్గర జవాబు ఉండదు. ఇలా రాయండి: ‘వెండి గిన్నె 1, అడుగున ఓర్ అని ముద్ర, చుట్టూ దేవతల బొమ్మలు, అంచున చిన్న సొట్ట.’ దండ అయితే ‘వెండి రూపాయలు 30: 1939 వరకు 22, 1940 తర్వాత 8, కొక్కేలు వేరుగా తూచినవి.’ ముద్రకు దగ్గరగా ఒక ఫోటో తీసి ఫైలులో పెట్టండి. దీనికి పట్టే సమయం మూడు నిమిషాలు, రద్దీ రోజుల్లో ఐదు.