యాంఫియెంటోమిడే: ఉష్ణమండల బెరడు పేలు
(పోటీ పరీక్షల ప్రత్యేకం – జంతుశాస్త్రం)

చెట్ల బెరడు, రాళ్లపై నివసించే చిన్న కీటకాలే బెరడు పేలు. ఇవి రక్తం పీల్చవు. బూజు, శైవలాలు, లైకెన్లను నమిలి తింటాయి. వీటిలో యాంఫియెంటోమిడే ప్రధానంగా ఉష్ణమండల కుటుంబం. ఎండర్‌లైన్ 1903లో దీన్ని ప్రతిపాదించాడు.

వర్గీకరణ
• వర్గం: ఆర్థ్రోపొడా
• విభాగం: ఇన్‌సెక్టా
• క్రమం: సోకోడియా
• ఉపక్రమం: ట్రోక్టోమార్ఫా
• కుటుంబం: యాంఫియెంటోమిడే

గుర్తుంచుకోండి
• పూర్వం బెరడు పేలను సోకోప్టెరాగా, పరాన్నజీవులైన పేలను థిరాప్టెరాగా వేర్వేరు క్రమాల్లో ఉంచేవారు. ఇప్పుడు రెండూ సోకోడియాలోనే ఉన్నాయి. తల పేలకు దగ్గరి బంధువులైన పుస్తకాల పేలు (లైపోసెలిడిడే) కూడా ట్రోక్టోమార్ఫాకే చెందుతాయి. పరిణామ సంబంధమే వర్గీకరణకు ఆధారమని చెప్పే చక్కటి ఉదాహరణ ఇది.
• సోకోడియాలోని మిగతా రెండు ఉపక్రమాలు: ట్రోజియోమార్ఫా, సోకోమార్ఫా.
• ఈ కుటుంబంలోని చాలా జాతులకు సీతాకోకచిలుకల్లా రెక్కలపై పొలుసులుంటాయి.

తికమక పడే అంశం: లెపిడోప్సోసిడే కుటుంబానికీ పొలుసుల రెక్కలుంటాయి. కానీ అది ట్రోజియోమార్ఫాకు చెందుతుంది. దాని స్పర్శశృంగాల్లో 20కి మించి ఖండితాలుంటాయి. ట్రోక్టోమార్ఫాలో సాధారణంగా 12–17 మాత్రమే. పొలుసులను బట్టి కాక, ఖండితాల సంఖ్యను బట్టి జవాబు గుర్తించండి.

మాదిరి ప్రశ్న: యాంఫియెంటోమిడే ఏ ఉపక్రమానికి చెందుతుంది?
జవాబు: ట్రోక్టోమార్ఫా