అధికారియు ఆత్మపరీక్షయు

నలుగురిపై పెత్తనము వహించినవానికి తన పని మంచిదో చెడ్డదో యెట్లు తెలియును? ఈ ప్రశ్న సులభముగ తోచును గాని సులభము కాదు. క్రిందివారు భయముచేతనో మొగమాటముచేతనో నిజము పలుకరు. పైవారు లెక్కలు మాత్రమే చూతురు. లెక్క హెచ్చిన మెచ్చుకొందురు, తగ్గిన కోపింతురు. నడుమ నున్న యధికారికి తన ముఖమును తాను చూచుకొనుటకు అద్దము లేదు. మన విద్యార్థులలో ననేకులు రేపు ఉపాధ్యాయులును, ఆస్పత్రులలో నర్సులును, బ్యాంకులలోను కచ్చేరీలలోను ఉద్యోగులును, కూలివాండ్రను నడపు మేస్త్రీలును కాబోవుచున్నారు. కావున ఈ సంవత్సరము మన పత్రికయందు ఈ విషయమును గూర్చి ముచ్చటింప దలచితిమి.

నాయకునికి కావలసిన గుణములను పట్టికలుగ వ్రాసిన పుస్తకములు పెక్కు గలవు. ధైర్యము, ఓర్పు, సత్యము, సమదృష్టి మున్నగునవి యందుండును. అట్టి పట్టికను కంఠస్థము చేసినవాడు పరీక్షలో నెగ్గవచ్చును. పనిలో నెగ్గునని చెప్పజాలము. మేము వేఱొక త్రోవ త్రొక్కెదము. మన సీమలోనే పనిచేసి, మన సీమలోనే కన్నుమూసిన యొక యధికారి చేసిన పనిని దగ్గఱనుండి పరిశీలింతము. ఆయన సర్ తామస్ మన్రో. మన పల్లెలలో ‘మన్రో దొర’ యన్న పేరు వినని వృద్ధులు తక్కువ.

మన్రో 1761 మే 27వ తేదీని స్కాట్లండునందలి గ్లాస్గో పట్టణమున ఒక వర్తకుని యింట జన్మించెను. అమెరికా యుద్ధముచేత తండ్రి వర్తకము చెడెను. 1780లో ఆ యువకుడు కంపెనీ సైన్యమున చిన్న యుద్యోగిగా మదరాసునకు వచ్చెను. 1792 మొదలు ఏడేండ్లు బారామహలు ప్రాంతమున రీడు దొరక్రింద శిస్తు పని నేర్చుకొనెను. పిమ్మట కొలదికాలము కన్నడ తీరమున కలెక్టరుగా నుండెను. 1800లో నైజాము ప్రభువు తుంగభద్రకు దక్షిణముననున్న తన మండలములను కంపెనీకి దత్తము చేసెను. నేటి రాయలసీమలో పెద్దభాగమును, బళ్లారి ప్రాంతమును అందులో చేరియుండెను. వానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చెను. (కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబు చేతిలోనే యుండెను. ‘రాయలసీమ’ యను పేరు 1928లో నంద్యాల సభలో ప్రచారమునకు వచ్చినది. అంతకు మునుపు మన పెద్దలు ‘దత్తమండలము’ అనియే వాడుచుండిరి.)

ఆనాటి స్థితి యెట్టిదనిన, ఇంచుమించు ఎనుబదిమంది పాలెగాండ్రు కోటలు కట్టుకొని కూర్చుండిరి. శిస్తు ఎవ్వడు బలవంతుడో వానికే చెల్లుచుండెను. వాన కురిసిన పంట, లేకున్న వలస. క్రొత్త కలెక్టరు చేతిలో కలమే కాదు, ఫిరంగియు నుండెను. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు నిరాకరించి కోట తలుపులు మూసికొనగా కంపెనీ సైన్యము వచ్చి ముట్టడించినది. పాలెగాండ్రను అణచుటలో మన్రో చూపిన కాఠిన్యమును మేము దాచము. ఆయన పరదేశపు కంపెనీ సేవకుడు. కంపెనీకి ధనము చేకూర్చుటకే పంపబడినవాడు. ఇది మఱచి ఆయనను పొగడువారి మాటను మేము ఒప్పుకొనజాలము.

ఆయన చేసిన ముఖ్యమైన పని భూమి కొలత. 1802లో గుత్తియందు నలుగురు గుమాస్తాలతో నారంభమై, కొలుచువారి సంఖ్య క్రమముగ నూఱు వఱకు పెరిగెను. వారి చేతి గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు ప్రక్కలు గొలుసంత పొడవుగల చదరములు 40 చేరిన ఒక ఎకరమగును. మా ఏడవ తరగతి పిల్లలు 33ను 33చే గుణించి, దానిని 40చే గుణించి, తొమ్మిదిచే భాగించి చూచుకొందురు గాక. 4,840 చదరపు గజములు సరిగ వచ్చును. కొలిచినవాని కొలతను మఱల కొలిచి తప్పు పట్టుటకు వేఱు మనుష్యులుండిరి.

భూమి విస్తీర్ణము గొలుసు చెప్పును. భూమి సారము చెప్పలేదు. కోవెలకుంట్ల నల్లరేగడియు రాయచోటి గరపనేలయు ఎకరమునకు ఎకరమే యైనను పంటకు పంట కాదు. ఒక్క గ్రామములోనే యేటియొడ్డు చేనొకటి, గుట్టవార చేనొకటి. ఈ తరములను నిర్ణయించునపుడు ఆ గ్రామపు రెడ్డిని, కరణమును, రైతులను కూర్చుండబెట్టి వారి నోటనే తరము చెప్పించిరి. వారు తమ గ్రామమునకు తక్కువ తరము చెప్పుకొందురని యెఱిగి, పొరుగూరి వారిచేత సరిచూపించుటయు కలదు. ఊరిలో పుట్టి దున్నినవానికి తెలిసినది కచ్చేరీలో కూర్చున్న దొరకు తెలియదని యొప్పుకొనినగాని యీ యేర్పాటు తోచదు. మన్రోకు చిన్ననాటినుండి వినికిడి కొంత మందము. అయినను డేరా వేసిన చోటనెల్ల రైతుల మాట వినుటకే యాయన కాలము చాలవఱకు వ్యయమైనది.

ఈ యేడేండ్లలో దత్తమండలముల భూమిశిస్తు ఇంచుమించు సగమునకు సగము హెచ్చినది. మదరాసు ప్రభుత్వము యుద్ధవ్యయములచేత ధనమునకై యాతురపడుచున్న కాల మది. ఇంతకంటె కలెక్టరునకు కావలసిన ఘనత యేమున్నది? సెలవు తీసికొని స్వదేశమునకు పోవుటకు సిద్ధముగ నున్నాడు. మిన్నకుండి పోయిన, పొగడ్త ఆయనది. ఆపైన వచ్చు కష్టము వెనుకవచ్చు కలెక్టరుది.

అప్పుడే, 1807 ఆగస్టులో, ఆయన ప్రభుత్వమునకు వ్రాసిన నివేదిక మన పాఠమునకు ప్రాణము. తాను కొలిపించి, తాను కట్టిన రేట్లు హెచ్చుగ నున్నవని దాని సారాంశము. పంటలో నూటికి 45 పాళ్ల వఱకు సర్కారునకు పోవుచున్నదనియు, మూడవ వంతునకు మించరాదనియు లెక్కచూపి, సర్వభూములకు నూటికి 25 చొప్పునను, రైతు తన కష్టముతో నీరు తోడుకొను బావిక్రింది భూములకు నూటికి 33 చొప్పునను తగ్గింపవలెనని సూచించెను. 45లో నాల్గవ వంతు తీసివేసిన ఇంచుమించు 34 మిగులును. అనగా మూడవ వంతు. రైతు తన శక్తికొలది ప్రతి సంవత్సరము భూమిని వదలుకొనుటకును, క్రొత్తది పట్టుటకును స్వేచ్ఛ యుండవలెననియు, శిస్తు చెల్లించునంతకాలము వానిని భూమినుండి తొలగింపరాదనియు కూడ వ్రాసెను. శిస్తు భారము తగ్గినగాని భూమికి విలువ పుట్టదనియు, భూమి తనదను భావము రైతునకు కలుగదనియు ఆయన వాదము.

ఆత్మపరీక్ష యనగా మా దృష్టిలో నిది. రాత్రివేళ కన్నులు మూసికొని ‘నేను మంచివాడనా?’ యని ప్రశ్నించుకొనుట కొంతవఱకు మేలే. కాని ఆ ప్రశ్నకు మనస్సు సాధారణముగ మనకు ప్రియమైన జవాబే యిచ్చును. తన పనివలన నెదుటివానికి మిగిలినదెంత, పోయినదెంత యని అంకెలతో తిరిగి లెక్కించుట కష్టతరము. యెరికో పట్టణపు సుంకరి జక్కయ్య కథ ఆదివారపు బడిలో చదివినవారే కదా. ప్రభువు తన యింటికి వచ్చినపుడు ఆయన భక్తిని గూర్చి ప్రసంగింపలేదు. బీదలకెంత యిచ్చునో, అన్యాయముగ తీసికొన్నదానికి ఎన్నిరెట్లు మరలించునో లెక్క చెప్పెను.

మన్రో సూచనను ప్రభుత్వ మంగీకరింపలేదు. ఆయన ఓడ యెక్కిన పిదప గ్రామములను మూడేండ్ల గుత్తకును, ఆ తరువాత పదేండ్ల గుత్తకును ఇచ్చిరి. అప్పటికే హెచ్చుగనున్న శిస్తుపై గుత్తదారుని భారము తోడైనది. అనేక గుత్తదారులు దివాలా తీసిరి. వారిక్రింది రైతుల యవస్థ చెప్పనేల? మన్రో స్వదేశమున నూరకుండలేదు. 1813లో పార్లమెంటు సభ యెదుట సాక్ష్యమిచ్చి రైతువారీ పద్ధతికై వాదించెను. 1820లో మదరాసు గవర్నరై తిరిగి వచ్చినప్పుడు, తాను పదుమూడేండ్ల క్రిందట అడిగిన తగ్గింపును తానే యమలుపఱచెను. అధికారము చేతికి వచ్చినపుడు పాత మాటను మఱచువారు లోకమున పెక్కుమంది. ఆ 1820లోనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపకు చిన్న యుద్యోగిగా వచ్చెను. మన భాషకు ఆయన చేసిన సేవ మఱియొక సంవత్సరపు వ్యాసమునకు తగినది.

ఇచట మిషను పాఠశాలవారమైన మేము దాటిపోరాని సంగతి యొకటి కలదు. 1822లో బళ్లారి సబ్ కలెక్టరు ఒకడు తన యుద్యోగ హోదాతోనే క్రైస్తవ మతవ్యాప్తికి పూనుకొనగా, గవర్నరు మన్రో దానిని తప్పుగ నెంచి వ్రాసెను. మేము సువార్తను ప్రేమించువారము. అయినను ఈ విషయమున మన్రో పక్షమే సరియని మా నిశ్చితాభిప్రాయము. శిస్తును శిక్షయు చేతనున్నవాడు బోధించినపుడు రైతు తలయూపినది విశ్వాసముచేతనా, వెఱపుచేతనా యెవ్వరు చెప్పగలరు? మార్కులు చేతనున్న ఉపాధ్యాయునికిని ఇదే వర్తించును. తనకు గల బలమెంతయో యెఱుగనివాడు తన మాట బలముచేత గెలిచినదో, సత్యముచేత గెలిచినదో యెఱుగలేడు.

మఱి రెండేండ్లకు, 1824 డిసెంబరు 31వ తేదీని, ఆయన దేశస్థితిని గూర్చి దీర్ఘమైన మినిట్టు వ్రాసెను. ఈ దేశస్థులను గొప్ప యుద్యోగములకు దూరముగ నుంచుట కంపెనీ పాలనలో పెద్దలోపమనియు, నమ్మకము చూపనిచోట మనుష్యుల గుణము దిగజారుననియు అందు వాదించెను. ఆ లోపము ఆయన కాలమున తీరలేదు. గవర్నరుగా నున్నవాడు ఇంకను చేసియుండవచ్చునని యనువారితో మేము వాదింపము.

ఇక మన పనికి వత్తము. తరగతిలో మాటలాడినవారి పేర్లు బోర్డుపై వ్రాయు లీడరు తన స్నేహితుని పేరు వ్రాసినాడా? వార్డులో పెద్దనర్సు తప్పు జరిగినపుడు మొదట తాను చేసిన యేర్పాటును చూచుకొనునా, రాత్రి డ్యూటీలోని చిన్నపిల్లను పిలుచునా? పాఠశాలల విషయము చెప్పుకొనుట మఱియు కష్టము. నూటికి నూఱు ఫలితము కావలెనని, తప్పుదురని తోచిన పిల్లలను పబ్లిక్ పరీక్షకు పంపకుండ నాపు పాఠశాలలను మేము చూచియున్నాము. లెక్క పెరుగును, పత్రికలో ఫోటోయు పడును. ఆగిపోయిన పిల్లవాని సంవత్సరమును ఏ పట్టికలోను వ్రాయరు. శిస్తు సగమునకు సగము హెచ్చిన కలెక్టరు వంటిదే యా ప్రధానోపాధ్యాయుని స్థితి. తల్లిదండ్రులును ఒక్కమాట గమనింపవలెను: ఫలితములెంత యని యడుగువారు, ఎందఱు చేరిరి, ఎందఱు పరీక్ష వ్రాసిరి అనికూడ అడుగుట మంచిది.

పని ప్రారంభించునపుడు తాననుకొన్నదానిని తేదీతో వ్రాసియుంచుకొని, ఏడాది కడపట తీసి చూచు నలవాటు మేలైనదని మా యనుభవము. మనస్సు పాత యంచనాలను తనకు తగినట్లు దిద్దుకొనును; కాగితము దిద్దుకొనదు. తన నిర్ణయమువలన నష్టపడినవానినే మొదట అడుగుటయు మంచిది, అదియు పదిమంది యెదుట కాక ఒంటరిగ.

1827లో, స్వదేశమునకు పోవుటకు మునుపు, మన్రో దత్తమండలములను కడసారి చూడవలెనని బయలుదేరెను. గుత్తిలో వెంటనున్నవారిలో కలరా కనబడెను. జూలై 6వ తేదీని, నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ విడిదిలో, ఆ రోగము ఆయనకే సోకి ఆ రాత్రియే మరణించెను. గుత్తిలో సమాధి చేసిన దేహమును 1831లో మదరాసు కోటలోని సెంట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు తోపు వేయించి బావి కట్టించిరి. మరణమునకు ముందు కడప సీమలోని గండివద్ద, పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చుచోట, బంగారు తోరణ మొకటి ఆయన కంటికి మాత్రమే కనబడెనని జనులు చెప్పుకొందురు. ఆ ప్రాంతములలో పిల్లలకు ‘మన్రోలప్ప’ యని పేరు పెట్టుటయు నొకప్పుడు వాడుక. అట్టి పేరుగల పెద్దలు తమ వంశమున నెవరైన నుండిరేమో విద్యార్థులు ఇంట తాతలను అవ్వలను అడిగి మాకు తెలిపినయెడల మిక్కిలి సంతోషింతుము.